ముల్లు లేని చాప బిళ్ళలు

మా చాల్లో, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఈ బొంబాయి మేడలో, ఎవరైనా మంచాన పడితే ముందుగా వచ్చే మనిషి మల్లవ్వ. జబ్బేమిటని అడగదు, మందుల సీసాలు చూడదు. తల దగ్గర చతికిలబడి, "ఏం తినబుద్ధయితుంది?" అంటుంది. రోగి ఏది చెబితే అది వండుకొచ్చి పెడుతుంది. షుగరు ముదిరిన రాములమ్మ బూందీ లడ్డు అడిగితే లడ్డే పెట్టింది. రాములమ్మ కోడలు లబోదిబోమంటూ మీదికొస్తే, "పెడితె ఏమయితదో నీకెరుక. పెట్టకుంటె ఏమయితదో నాకెరుక" అని ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడకు మతి చలించిందనేవాళ్ళు మా అంతస్తులోనే ఉన్నారు. నా ముందు మాత్రం అనరు, అంటే నేనూరుకోనని వాళ్ళకు తెలుసు. నేను కామాటిపురలోనే మున్సిపాలిటీ తెలుగు బడిలో పాఠాలు చెబుతాను. మల్లవ్వ గదికి ఆనుకున్న గది నాది. ఆమె మొగుడు బాలనర్సయ్య పోయిన మూడోనాడు ఏం జరిగిందో, అంతకుముందు ఏం జరిగిందో పక్కనుండి చూసినదాన్ని. పిచ్చి అనడం చాలా తేలిక. ఆ తేలికదనమంటేనే నాకు ఒళ్ళుమంట.

బాలనర్సయ్య తాత పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయి మేడలకు రాళ్ళు మోశాడు. అన్ని మేడలు లేపినాయన మనవడికి మిగిలింది మూలనున్న నీళ్ళ మోరీతో కలిపి ఒక్క గది. రాళ్ళ పని వద్దనుకుని బాలనర్సయ్య బట్టల మిల్లులో చేరాడు, దూది ఏకే విభాగంలో. పని దిగి మెట్లెక్కి వస్తుంటే కనుబొమల మీద, చెవుల మీద తెల్లగా దూది పట్టి ఉండేది. "అప్పుడే ముసలోడివైతివి" అంటూ మల్లవ్వ కొంగుతో దులిపేది. ఆమెదీ పాలమూరు వైపే. కాపురానికి వచ్చిన కొత్తలో ఎండు బొంబిల్ చేప వాసనకు ముక్కు మూసుకుని గదుల ముందున్న గ్యాలరీలోకి పరుగెత్తేదట. తర్వాత ఆ చేపతోనే బిళ్ళలు చేయడంలో చాలంతటికీ పేరు తెచ్చుకుంది.

వానాకాలం వస్తే పడవలు సముద్రంలోకి పోవు. పచ్చి చేప దొరకదు, దొరికినా అది మాలాంటివాళ్ళ కోసం కాదు. అప్పుడు మల్లవ్వ అటక మీది రేకు డబ్బా దించేది. ఎండలు ముదిరినప్పుడు కొని దాచిన బొంబిల్ అందులో ఉండేవి. తలా తోకా తుంచి, ఉత్త తవా మీద వేయించి, చింతపండు పిసికిన వేడినీళ్ళలో నానబెట్టేది. మెత్తబడ్డాక నడిమి ముల్లు లాగి, మిగతాది రాతి మీద నూరేది. నిన్నటి పావ్ రొట్టె ఉంటే తడిపి, గట్టిగా పిండి, అందులో కలిపేది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి, ధనియాల పొడి, పసుపు, పట్టినంత శనగపిండి. ఒక్క వస్తువు కోసం కూడా మెట్లు దిగేది కాదు. ముద్దను అరచేతిలో బిళ్ళలా తట్టి, రవ్వలో దొర్లించి, తవాకు పూసినంత నూనెలో రెండు వైపులా ఎర్రగా కాల్చేది. ఇరానీ హోటల్లో కట్లెట్ అని పళ్ళెంలో పెట్టి ఇచ్చేది దీనికి సాటి రాదు. నేను రెండూ తిన్నాను.

లోపమల్లా ఒక్కటే. మల్లవ్వకు చూపు సరిగ్గా ఆనదు, అద్దాలు పెట్టుకోమంటే పెట్టుకోదు. ఎంత ఏరినా ఎక్కడో ఒక సన్నటి ముల్లు మిగిలిపోయేది. బాలనర్సయ్య దాన్ని నాలుకతో వెతికి పట్టి, రెండు వేళ్ళతో తీసి, పళ్ళెం అంచున పెట్టేవాడు. "ఇగో, నీ గుర్తు" అనేవాడు. "ముల్లు లేకుంటె అవి మల్లవ్వ బిళ్ళలే కావు" అని నవ్వేవాడు. ఆమె మూతి తిప్పుకునేది కాని ఆ మాట కోసం ఎదురుచూసేదని నాకు తెలుసు. గోడలు పేరుకే ఉన్న చాల్లో ఇవన్నీ వినపడతాయి.

ఎనభై రెండులో మిల్లుల సమ్మె వచ్చింది. మావాళ్ళు సంప్ అనేవాళ్ళు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అనుకుంటూ గేటు దాకా పోయి వచ్చేవాళ్ళు. తర్వాత గేటు దాకా పోవడమూ మానేశారు. పని లేని మగాడు పగటిపూట గదిలో ఎక్కడ కూర్చోవాలో తెలియక గ్యాలరీలో నిలబడతాడు. గ్యాలరీలో నిలబడి నిలబడి కిందికి దిగుతాడు. దిగితే మా గల్లీలో సారా అమ్మే చోటు ఎంతో దూరం లేదు. బాలనర్సయ్య అంతకుముందు తాగలేదని కాదు, పండగకో పబ్బానికో తాగేవాడు. ఇప్పుడు పళ్ళు తోముకోకముందే తాగడం మొదలుపెట్టాడు.

మల్లవ్వ గ్రాంట్ రోడ్ వైపు ఇళ్ళల్లో అంట్లు తోమే పనికి కుదిరింది. కూతురు మంగళ బడి మానేసి చొక్కాలకు బొత్తాలు కుట్టే పనికి పోయింది. మంగళ నా దగ్గర చదువుకున్న పిల్ల, చురుకైంది. ఆ పిల్లను బడి మాన్పించినందుకు బాలనర్సయ్య మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. చచ్చిపోయినవాడైతే మాత్రం ఏం, కోపం కోపమే.

ఎనభై మూడులో ఒక వాన రోజు సాయంత్రం అతను గల్లీ చివర మురుగు పారే గటారులో బోర్లాపడి ఉన్నాడు. నీళ్ళు ఇంకొంచెం ఎక్కితే ముక్కులోకి పోయేవి. జనం చూస్తూ దాటిపోతున్నారు. పని నుంచి వస్తున్న మంగళ తండ్రిని గుర్తుపట్టి, చంకల కింద చేతులు వేసి, మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చింది. ఆ పిల్ల బట్టల నిండా బురద. ఏడవలేదు. తండ్రిని గడపలో వదిలి మోరీ దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. మల్లవ్వ అది చూసి తిన్నగా కింది అంతస్తులో కిష్టయ్య దగ్గరికి పోయింది.

కిష్టయ్య సైకిళ్ళు బాగుచేస్తాడు. చాల్లో పండరిపురం భజన మేళం నడిపేది ఆయనే. మెడలో తులసి మాల ఉంటుంది. ఒకప్పుడు ఆయనా గటారులో పడినవాడే, అందుకని తాగుబోతుల భార్యలు ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు.

"అన్నా, ఈయనకు మాల ఎయ్యి" అంది మల్లవ్వ.

"ఏస్త చెల్లె. కని మాల పడ్డంక సారనే కాదు, నీసు గూడ ముట్టొద్దు. ఇంట్ల వండొద్దు" అన్నాడు కిష్టయ్య. "నేను ఒకపారి మాల తీసి గూట్లె పెట్టి చాప తిన్న. తిన్నంక మల్ల ఏస్కుందామనుకున్న. తెల్లారి యాడ ఉన్ననో ఎరికేనా? సారా దుకాణంల. చాప ముందు పోతది, దాని ఎనక సీసా పోతది. ఇది యాదుంచుకో."

మల్లవ్వ యాదుంచుకుంది. ఆ మాట ఆమెలో మేకులా దిగింది.

ఆ ఏడు తొలి ఏకాదశికి మేళంతో పాటు బాలనర్సయ్యను పండరిపురం తీసుకుపోయి మాల వేయించారు. మేమెవరం నమ్మలేదు కాని మనిషి నిజంగానే మానేశాడు. చేతులు వణికాయి, నోరు చేదెక్కి వాంతులు చేసుకున్నాడు, గోడకు తల కొట్టుకున్నాడు, అయినా దిగి వెళ్ళలేదు. మల్లవ్వ బొంబిల్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ ఇంట్ల ఉంచు టీచరమ్మా. నా ఇంట్ల ఉంటె నా చెయ్యి ఊకుండదు" అంది. ఆ వానాకాలం మల్లవ్వ గదిలోంచి చేప వాసన రాలేదు. బాలనర్సయ్య పండరిపురంలో చంద్రభాగ ఒడ్డున కొన్న చిన్న తాళాలు పట్టుకుని భజనలో వెనక వరసలో కూర్చునేవాడు. రాగం లేదు పాడు లేదు, కాని కూర్చునేవాడు. మంగళ ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది.

అంతలో దగ్గు పట్టుకుంది. ఏళ్ళ తరబడి మింగిన దూది ఊరికే పోతుందా. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటే అర్థమేమిటో మా చాల్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. మల్లవ్వ మాత్రం నయమైంది కాబట్టి పంపించారని అందరికీ చెప్పింది.

ఎనభై నాలుగు వానలు మొదలయ్యేసరికి అతను మంచంలో ఉన్నాడా లేదా అన్నట్టు ఉన్నాడు. నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుంటే దగ్గు, గుక్కెడు నీళ్ళు తాగితే దగ్గు. పేరుకు గంజి. ఒకరోజు వాన గట్టిగా కురుస్తుంటే గుమ్మంవైపు చూస్తూ, "మల్లీ, రెండు బిళ్ళలు చెయ్యరాదె" అన్నాడు. నేను అప్పుడు వాళ్ళ గదిలోనే ఉన్నాను.

"మెడల ఏమున్నదో చూస్కో" అంది ఆమె.

"మాల తీసి గూట్లె పెట్టు. తిన్నంక మల్ల ఏస్కుంట" అన్నాడు, నవ్వబోయి దగ్గాడు.

సరదాకే అన్నాడు పాపం. కాని అది కిష్టయ్య చెప్పిన మాటే, పొల్లు పోకుండా అదే మాట. మల్లవ్వ ముఖం మాడిపోయింది. గంజి గిన్నె ఠపీమని కింద పెట్టి బయటికి పోయింది.

ఆ తర్వాత అతను రోజూ అడిగాడు. మొదట సరదాగా, తర్వాత బతిమాలుతూ, చివరికి చిన్నపిల్లాడిలా. "తినియ్యకు, వాసనన్న సూపియ్యి" అన్నాడు. ఒక మనిషికి చావబోయే ముందు లోకంలో ఇన్ని ఉండగా రెండు చేప బిళ్ళల మీదికి మనసు పోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. మనసు అలాంటివాటి మీదికే పోతుంది. మంచిరోజులన్నీ అతనికి ఆ తవా దగ్గరే గడిచాయి.

నేను పట్టలేకపోయాను. గ్యాలరీలో బట్టలు పిండుతున్న మల్లవ్వను పట్టుకుని, "ఇంకెన్నాళ్ళుంటాడు మల్లవ్వా? అడిగింది పెట్టరాదా?" అన్నాను.

ఆమె పిండడం ఆపింది. "టీచరమ్మా, నువ్వు ఆయన సచ్చిపోతడని మాట్లాడుతున్నవ్. నేను బతుకుతడని మాట్లాడుతున్న" అంది. "లేచి తిరిగినంక మల్ల తాగుడు షురూ జేస్తె ఎవరు ఈడ్చుకొస్తరు? మల్ల నా బిడ్డనేనా?"

 పెట్టకపోవడం ఆమెకు కఠినం కాదు, నమ్మకం. పెట్టిందంటే అతను ఇక లేవడని ఒప్పుకున్నట్టే.

కాని రోజూ అడిగేవాడి గొంతు వినడం మాటలు కాదు. ఒక మధ్యాహ్నం ఆమె గదిలో తవా చప్పుడైతే తొంగిచూశాను. ఉడికించిన పచ్చి అరటికాయలు తొక్క తీసి రాతి మీద నూరుతోంది. చింతపండు రసం, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ధనియాల పొడి, తడిపి పిండిన పావ్, శనగపిండి అన్నీ పక్కన పెట్టుకుంది. చేప ఒక్కటే లేదు.

"ఏమిటిది?" అన్నాను మెల్లిగా.

"చాప బిళ్ళలు" అంది నావైపు చూడకుండా.

"వాసన రాకపోతే అతనికి తెలియదూ?"

"ఊపిరే ఆడనోనికి వాసనేం తెలుస్తది" అంది.

బొంబిల్ వేయిస్తే గల్లీలో నడిచేవాడికి తెలిసిపోతుంది. ఆ మంచం తవాకు మూరెడు దూరంలో ఉంది. ఇది ఆమెకు తెలియక కాదు. ఏ దారీ లేనివాళ్ళు ఏదో ఒకటి నమ్ముతారు, ఆమె అతని ముక్కు పనిచేయదని నమ్మింది.

బిళ్ళ తుంచి అతని నోట్లో పెట్టింది. అతను చాలాసేపు నమిలాడు. బుగ్గ ఇటు కదిలింది, అటు కదిలింది. నాలుక దేన్నో వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మింగి, కళ్ళు తెరిచి, మల్లవ్వను చూశాడు. ఆమె అప్పటికే ఇంకో ముక్క తుంచి పట్టుకుని ఉంది.

"మంచిగున్నయి మల్లీ" అన్నాడు. మళ్ళీ తనే, "ముల్లు గూడ లేదు. మంచిగ తీసినవ్" అన్నాడు. ఇంకొక ముక్క కూడా తిన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చూసినవా, తిన్నడు" అని మల్లవ్వ గ్యాలరీలోకి వచ్చి నాతో చెప్పింది. ఆ ముఖంలో అంత వెలుగు నేను చాలా రోజులుగా చూడలేదు.  అతను మళ్ళీ బిళ్ళలు అడగలేదు, ఇంకేదీ అడగలేదు. ఆ వారం తిరక్కుండానే ఒక తెల్లవారుజామున పోయాడు. మెడలో మాలతోనే కాల్చారు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టితే అతనికి కోరికలేవీ మిగల్లేదని అర్థం. అది ముట్టేదాకా ఇంటివాళ్ళు పచ్చి గంగ కూడా ముట్టరు. మాల వేసుకున్న మనిషి గనుక నీసు లేకుండా వండమని కిష్టయ్య ముందే చెప్పాడు. మల్లవ్వ అన్నం, పప్పు, పూరీలు, పాయసం వండింది. వాటితో పాటు అరటికాయ బిళ్ళలు కూడా చేసింది.

"ఆఖరుకు ఇవే తిన్నడు గదా. మంచిగున్నయన్నడు" అంది, మూట కడుతూ. మళ్ళీ నావైపు తిరిగి, "ఆయనకు తెల్వలేదు గదా టీచరమ్మా?" అంది. ఆ మూడు రోజుల్లో ఆ ప్రశ్న నన్ను ఎన్నిసార్లడిగిందో. "తెలియలేదులే" అంటూ వచ్చాను.

శ్మశానం వెనక సముద్రపు బండల మీద విస్తరి పరిచారు. సన్నగా వాన పడుతోంది. బాలనర్సయ్య తమ్ముడు చంద్రయ్య నీళ్ళు చల్లి దండం పెట్టి వెనక్కి జరిగాడు. వచ్చినవాళ్ళు అతని మంచితనం గురించి మాట్లాడుకున్నారు. గటారులో పడి ఉంటే దాటిపోయినవాళ్ళే వాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు.

గోడ మీద కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. మా బొంబాయి కాకులకు మర్యాదలేం ఉండవు, పిల్లల చేతిలో పావ్ కూడా లాక్కుపోతాయి. అలాంటివి ఆ రోజు కదల్లేదు. చంద్రయ్య చేతులు జోడించి, "అన్నా, మంగళను నా బిడ్డ లెక్క చూస్కుంట. ముట్టు" అన్నాడు. కాకులు కదల్లేదు. మంగళ ముందుకొచ్చి, "బాపూ, ఫికర్ నకో. అవ్వను నేను చూస్కుంట" అంది. అయినా రాలేదు. కిష్టయ్య విఠలుడి పేరెత్తి పాడాడు. మేళంవాళ్ళు అందుకున్నారు. వాన పెరిగింది, తగ్గింది. విస్తట్లో పాయసం పలచబడింది.

అప్పుడొక కాకి దిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అది విస్తరి చుట్టూ గెంతి, బిళ్ళల దగ్గర ఆగి, మెడ వంచి చూసింది. చూసి, రెక్కలు విదిలించుకుని, మళ్ళీ గోడ మీదికే పోయింది.

మల్లవ్వ లేచి నిలబడింది. "చంద్రయ్యా, ఇస్తరి తియ్యకు. నేను ఇంటికి పోయొస్త" అంది.

ఎందుకో కిష్టయ్యకు అర్థమైంది. ఎదురొచ్చి నిలబడ్డాడు. "చెల్లె, ఆయన మాలతోని కాలినోడు" అన్నాడు. "ఇప్పుడు నీసు పెడితె ఆ మాల అబద్ధమైతది. తాగకుంట ఉన్నది గూడ అబద్ధమైతది. బాలనర్సయ్య మారిండని పది మందికి చెప్పుకుంటున్నం. ఆ పేరొక్కటే మిగిలింది ఆయనకు. అది గూడ తీస్తవా? నువ్వట్ల చేస్తె దశదినానికి మేళం రాదు."

బెదిరించడానికి అనలేదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.  మొగుడి పేరు మల్లవ్వకు చిన్న విషయం కాదు, ఆ పేరు కోసమే అంత పోరాడింది.

"రాకపోతె మానె అన్నా. ఆయన ఆకలితోని ఉన్నడు" అంది.

ఆమెతో నేను వెళ్ళాను. ఇద్దరం బస్సెక్కాం. చాల్ మెట్లెక్కి, "డబ్బా తియ్యి" అంది. ఆ డబ్బాలో చేప నేను వాడుకుంటూ, మళ్ళీ నింపుతూ వచ్చాను. పావ్ మా ఇంట్లో పొద్దున మిగిలినది ఉంది. శనగపిండి ఆమె డబ్బాలో అడుగున ఉంది. స్టవ్ వెలిగించి, తవా పెట్టి, తుంచిన బొంబిల్ వేసింది.

వాసన లేచింది. ఏడాది దాటింది ఆ గదిలోంచి ఆ వాసన వచ్చి. గ్యాలరీ పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. చావింట్లో చేపలేమిటని ఎవరో పైనుంచి అడిగారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి అందరి వంకా చూశాను. ఎవరూ దగ్గరికి రాలేదు.

నానబెట్టడానికి తీరిక లేదు. మరిగే నీళ్ళలో వేసి, చల్లారకుండానే తీసి, నడిమి ముల్లు లాగుతుంటే ఆమె వేళ్ళు ఎర్రబడ్డాయి. "నేను ఏరుతాను, ఇలా ఇవ్వు" అన్నాను.

"నువ్వు ముట్టకు" అంది.

నూరింది, కలిపింది, తట్టింది. రవ్వ లేదు, ఉత్త పిండి అద్దింది. బిళ్ళలు చుయ్యిమంటుంటే తవా మీద ముఖం పెట్టినంత దగ్గరగా వంగి చూసింది. "గింత వాసన" అంది తనలో తాను. "గింత వాసన ఉంటదా."  గిన్నెలో పెట్టి మూత వేసి, కొంగు కింద దాచుకుని మెట్లు దిగింది. ఆ వాసనను కొంగు దాచలేకపోయింది, బస్సులో పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారు.

మేం వెళ్ళేసరికి అందరూ అక్కడే ఉన్నారు, ఆకలికి ముఖాలు వాడిపోయాయి. కిష్టయ్య కూడా పోలేదు. మల్లవ్వ విస్తరి దగ్గర కూర్చుని, అరటికాయ బిళ్ళలు తీసి పక్కన పడేసి, వేడి వేడి బిళ్ళలు పెట్టింది. ఏ మొక్కూ మొక్కలేదు. లేచి నాలుగడుగులు వెనక్కి వేసింది.

ఆమె ఇంకా ఇటు తిరగనేలేదు. గోడ మీదినుంచి కాకి తిన్నగా విస్తట్లోకి దిగి, ఒక బిళ్ళను ముక్కున కరుచుకుని లేచింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి.

"ముట్టింది, ముట్టింది" అన్నారు అందరూ. చంద్రయ్య నేల మీద పడి దండం పెట్టాడు. మంగళ వెక్కి వెక్కి ఏడ్చింది. కిష్టయ్య సముద్రంవైపు తిరిగి నిలబడ్డాడు. దశదినానికి మేళం రాలేదు కాని ఆయన ఒక్కడే వచ్చి, గడప దగ్గర కాసేపు కూర్చుని, ఏమీ పాడకుండా వెళ్ళిపోయాడు.

"ఆత్మ సల్లబడ్డది వదినె. ఇగ రంది పెట్టుకోకు" అన్నాడు చంద్రయ్య.

మల్లవ్వ తడి బండ మీద కూలబడింది. బరువు దిగి కూర్చుందనుకున్నాను. పక్కన కూర్చుని, "పోనీలే మల్లవ్వా, తృప్తిపడ్డాడు" అన్నాను.

"గాదు టీచరమ్మా" అంది. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆయనకు తెలిసింది. ఆ దినమే తెలిసింది. ముల్లు గూడ లేదన్నడు సూడు, నాకు తెలిసిందే మల్లీ అని చెప్పిండు. తెలిసి తిన్నడు. నేను దుఃఖపడతనని తిన్నడు. నేను సంబురపడ్డ."

"బొంబాయి కాకులు మల్లవ్వా ఇవి. చేప ఎవరు పెట్టినా తింటాయి. నేను పెట్టినా తినేవి" అన్నాను. నేను ఆ మాటను నిజంగానే నమ్ముతాను.

"అరటికాయ బిళ్ళలు గూడ సూసింది గదా" అంది. "సూసి పోయింది."

 అందరూ ఆమె మొగుడికి శాంతి దొరికిందని దండాలు పెడుతున్నారు. ఆమెకు మాత్రం ఆ కాకి చెప్పింది వేరు. అది చేపను కూడా ముట్టకుండా ఉంటే, ఆమె తన మొగుడు మోసపోయాడని, నమ్మి హాయిగా తిన్నాడని అనుకుంటూ బతికేది. ఇప్పుడు ఆ కాస్త కూడా పోయింది.

పిట్ట ముట్టాక మిగిలినది ఇంటివాళ్ళు తలా కొంచెం నోట్లో వేసుకోవాలి. మాల వేసుకున్న మేళంవాళ్ళు పక్కకు జరిగారు. చంద్రయ్య ఒక బిళ్ళ తెచ్చి వదిన చేతిలో పెట్టాడు. మాల వచ్చినప్పటినుంచి ఆమె కూడా చేప ముట్టలేదు. తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది, నమిలింది, ఉన్నట్టుండి ఆగిపోయింది.

రెండు వేళ్ళు నోట్లో పెట్టి సన్నటి ముల్లు తీసింది. దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత ముందుకు వంగి, విస్తరి అంచున దాన్ని పెట్టింది.

"ఇగో" అంది. మిగతా మాట నోట్లోంచి రాలేదు. అతను పోయినప్పటినుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, అప్పుడు ఆ విస్తరి ముందు కూర్చుని ఏడ్చింది.